మచ్చ ఎక్కే మెట్లు: పాఠకుల ప్రశ్నలు, చర్మవైద్యుడి జవాబులు

కిందటి సంచికలో పుట్టుమచ్చల గురించి నాలుగు మాటలు రాస్తూ, రంగు గానీ ఆకారం గానీ మారుతున్న మచ్చను ఆలస్యం చేయకుండా చర్మవైద్యుడికి చూపించుకోవాలని చెప్పాను. దాని మీద ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది మచ్చ ఎందుకు మారుతుంది, ఎన్నాళ్లకు మారుతుంది, మారినదల్లా క్యాన్సరేనా అని అడిగారు. ఒకే తరహా ఉత్తరాలను కలిపి, పేర్లు తీసేసి, కుదించి ఇక్కడ ఇస్తున్నాను. ఉత్తరం చదివి రోగం తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, ఈ జవాబులు మీ డాక్టరును మరింత సూటిగా ప్రశ్నించడానికి పనికొస్తే చాలు.

ప్రశ్న: నాకు నలభై నాలుగేళ్లు. అమెరికాలో స్థిరపడ్డాను. నా వీపు మీది మచ్చ ఒకటి పెద్దదవుతోందని ఇక్కడి డాక్టరు తీసి పరీక్షకు పంపితే, 'డిస్‌ప్లాస్టిక్ నీవస్, మధ్యస్థ స్థాయి' అని నివేదిక వచ్చింది. క్యాన్సర్ కాదంటారు, మామూలు మచ్చ కూడా కాదంటారు. రెండూ కానిది మరేమిటి? శాన్ ఫ్రాన్సిస్కోలో ఒక చర్మవైద్య ప్రొఫెసరు సరిగ్గా దీని మీదే పరిశోధన చేశారని మిత్రుడొకడు చెప్పాడు. అందులో ఏం తేలిందో వివరించగలరా?
— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: మీ మిత్రుడు చెప్పింది బోరిస్ బాస్టియన్ గురించి అయి ఉండాలి. ఆయన జర్మనీలో వైద్యం చదువుకుని, శాన్ ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చర్మవైద్యానికీ పాథాలజీకీ ప్రొఫెసరు అయ్యారు. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ఎక్కడ మొదలై ఏ దారిన ముదురుతుందో జన్యువుల్లో వెతకడం ఆయన పని. అయితే మీ నివేదికలోని ఆ 'మధ్యస్థ' అన్న మాట ఇంతగా ఎందుకు తికమక పెడుతుందో తెలియాలంటే ముందు ఇంకాస్త వెనక్కి వెళ్లాలి.

చర్మానికి రంగునిచ్చే కణాలను మెలనోసైట్లు అంటారు. పైపొర అడుగు వరుసలో దాదాపు పది కణాలకు ఒకటి చొప్పున ఇవి ఉంటాయి. ఇవి కొన్నాళ్లు పెరిగి, గుంపుకట్టి, ఆగిపోతే అది పుట్టుమచ్చ. ఆగకుండా పెరుగుతూ పోతే మెలనోమా. వాలెస్ క్లార్క్ అనే అమెరికన్ పాథాలజిస్టు 1969లో, మెలనోమా చర్మంలో ఎన్ని పొరలు దిగిందో చూసి దాన్ని అయిదు స్థాయిలుగా విభజించారు. 1984లో ఆయనా ఆయన సహచరులూ మరో అడుగు వేసి, ఈ వ్యాధి మెట్లు మెట్లుగా ఎక్కుతుందని ప్రతిపాదించారు. మొదట మామూలు మచ్చ, ఆ తర్వాత కణాల అమరిక చెదిరిన మచ్చ (మీ నివేదికలోని 'డిస్‌ప్లాస్టిక్ నీవస్' అంటే ఇదే), ఆ పైన చర్మపు పైపొరల్లోనే అడ్డంగా పాకే దశ, తర్వాత లోతుకు దిగే దశ, చివరకు ఇతర అవయవాలకు చేరే దశ. చూడడానికి చక్కని నిచ్చెనే, కానీ అది సూక్ష్మదర్శినిలో కంటికి కనిపించిన ఆకారాలను బట్టి కట్టినది. మచ్చను ఒకసారి కోసి తీశాక, తీయకుండా ఉంటే అది పై మెట్టు ఎక్కేదా లేదా అన్నది ఇక తెలిసే వీలు లేదు. అందుకని నడిమి మెట్టు నిజంగానే ఉందా, లేక తేల్చుకోలేని డాక్టర్లు పెట్టుకున్న పేరేనా అన్న తగువు మూడు దశాబ్దాలు సాగింది. ఒకే గాజుపలకను చూసి ఒక పాథాలజిస్టు మచ్చ అనీ, మరొకరు తొలిదశ మెలనోమా అనీ రాసిన నివేదికలు నా అనుభవంలోనూ ఉన్నాయి.

ఆ తగువును బాస్టియన్, హంటర్ షేన్, వారి సహచరులు తేల్చిన పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. కొన్ని మెలనోమాల అంచున, అవి పుట్టిన పాత మచ్చ కూడా చెక్కుచెదరకుండా మిగిలి ఉంటుంది. అలాంటివి 37 ఎంచుకుని, ఒక్కొక్క ముక్కలో మామూలు మచ్చలా ఉన్న భాగాన్నీ, నడిమి రకం భాగాన్నీ, మెలనోమా భాగాన్నీ విడివిడిగా గీకి తీసి, క్యాన్సర్‌తో సంబంధం ఉన్న 293 జన్యువులను ఒక్కొక్క భాగంలో చదివారు. ఒకే మనిషి, ఒకే మచ్చ, కానీ వేర్వేరు మెట్లు. అంటే మచ్చ మారుతూ వచ్చిన కథ మొత్తం ఒకే ముక్కలో పక్కపక్కనే రాసి ఉన్నట్టు. ఆ ఫలితాలు 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి.

మామూలు మచ్చగా ఉన్న భాగాల్లో వారికి కనిపించింది బీరాఫ్ అనే జన్యువులోని ఒకే ఒక మార్పు. ఆ జన్యువు తయారుచేసే ప్రొటీన్‌లో 600వ స్థానంలో వాలిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటుంది. దాంతో కణానికి పెరగమనే ఆజ్ఞ ఆగకుండా అందుతూ ఉంటుంది. నడిమి రకం భాగాల్లో పరిస్థితి వేరు. అక్కడ ఎన్‌రాస్ అనే మరో జన్యువులో మార్పులు కనిపించాయి, పైగా మార్పు ఒక్కటితో ఆగలేదు. క్రోమోజోముల కొనలు అరిగిపోకుండా కాపాడే ఎంజైము ఒకటి ఉంది. దాని జన్యువు పేరు టెర్ట్. మామూలు చర్మకణంలో కొనలు అరిగే కొద్దీ కణం ముసలిదై ఆగిపోవాలి. ఆ జన్యువును తెరిచీ మూసే మీటలోనే మార్పు వస్తే కణానికి ముసలితనం తప్పుతుంది. నడిమి రకం భాగాల్లోనూ, పైపొర దాటని తొలి మెలనోమాల్లోనూ 77 శాతంలో ఈ మార్పు అప్పటికే వచ్చేసి ఉంది. ఇక సీడీకేఎన్2ఏ అనే కాపలా జన్యువు రెండు ప్రతులూ పోవడం లోతుకు దిగిన మెలనోమాల్లో మాత్రమే కనిపించింది. పీటెన్, టీపీ53 జన్యువులు చెడడం అంతకన్నా ముదిరినవాటికే పరిమితమైంది. కింది మెట్టు నుంచి పై మెట్టుకు పోయేకొద్దీ మొత్తం మార్పుల సంఖ్య పెరిగింది, అన్ని మెట్ల మీదా అతినీలలోహిత కిరణాలు వదిలే ముద్ర స్పష్టంగా ఉంది. జన్యువుల రాతలో సైటోసిన్ అనే అక్షరం ఉండాల్సిన చోట థైమిన్ అనే అక్షరం రావడం ఆ ముద్ర. అంటే ఎండ నిప్పు అంటించి తప్పుకోలేదు, పై మెట్లకు కూడా తోస్తూనే ఉంది.

కాపలా జన్యువు పోతే కణం లోతుకే ఎందుకు దిగాలి? ఇదే బృందం 2018లో ప్రయోగశాలలో మనిషి మెలనోసైట్ల నుంచి ఆ జన్యువును తీసేసి చూసింది. అది తయారుచేసే పీ16 అనే ప్రొటీన్ లేకపోయేసరికి, బీఆర్ఎన్2 అనే మరో ప్రొటీన్‌కు పగ్గాలు ఊడి, కణాలు ఉన్నచోట ఉండక కదలడం మొదలుపెట్టాయి. కణాన్ని విభజన చెందకుండా ఆపే కాపలాదారే, దాన్ని ఇల్లు వదిలి పోకుండా కూడా పట్టి ఉంచుతున్నాడన్న మాట.

ఇక మీ మచ్చ సంగతి. నడిమి మెట్టు నిజంగానే ఉందని, దానికంటూ ఒక జన్యు లక్షణం ఉందని ఈ పరిశోధన చూపింది కాబట్టి, మీ నివేదికలోని మాట తప్పించుకోవడానికి రాసినది కాదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వారు చూసిన 37 ముక్కలూ పైకి ఎక్కేసినవే. ఎక్కినవి ఏ దారిన ఎక్కాయో వాటి నుంచి తెలుస్తుంది గానీ, నూటికి ఎన్ని ఎక్కుతాయో తెలియదు. నడిమి రకం మచ్చల్లో అత్యధిక భాగం ఉన్నచోటే ఉండిపోతాయి. మీది మొత్తంగా తీసేశారు, అంచుల్లో ఏమీ మిగల్లేదని నివేదికలో ఉంటే సాధారణంగా మళ్లీ కోయనవసరం లేదు. 'తీవ్ర స్థాయి' అని ఉంటే మాత్రం అంచులు మరికాస్త తీయడం వాడుక. ఏడాదికోసారి ఒళ్లంతా చూపించుకోండి. మీకు ఎవరైనా 'ప్రీ క్యాన్సర్' అని చెబితే ఆ మాటకు నిద్ర చెడగొట్టుకోవద్దు. నేనైతే ఆ మాట రోగుల దగ్గర వాడను.

ప్రశ్న: నా ఒంటి మీద చిన్నా పెద్దా కలిపి నలభై దాకా మచ్చలున్నాయి. ఎందుకొచ్చిన భయమని అన్నీ పార్లరులో కాల్పించుకుందామనుకుంటున్నాను. మా నాయనమ్మ అయితే సున్నం, చాకలి సోడా కలిపి పెడితే రాలిపోతాయంటుంది.
— ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: రెండూ వద్దమ్మా. పై జవాబులో చెప్పిన బీరాఫ్ మార్పు మెలనోమాల్లో ఎక్కువగా ఉంటుందని 2002లో బయటపడింది. మరుసటి ఏడాదే తేలిన విషయం అందరినీ ఆశ్చర్యపరిచింది: పరీక్షించిన మామూలు పుట్టుమచ్చల్లోనూ 82 శాతంలో ఆ మార్పే ఉంది. అంటే క్యాన్సర్ వైపు తొలి మెట్టు ఎక్కిన కణాలను మనలో దాదాపు అందరమూ ఒంటి మీద మోస్తూనే తిరుగుతున్నాం. మరి అందరికీ క్యాన్సర్ ఎందుకు రావడం లేదంటే, పెరగమనే ఆజ్ఞ హద్దు మీరినప్పుడు కణం తనంతట తానే విభజన ఆపేసుకుని ముసలిదైపోతుందని 2005లో నెదర్లాండ్స్ పరిశోధకులు మచ్చల మీదే చూపించారు. మచ్చ పెసరగింజంత పెరిగి ఆగడం అందువల్లే. ఆ కాపలా అరుదుగా తప్పుతుంది; నూటికి నూరు పాళ్లు నమ్మదగినదే అయితే ఈ శీర్షికలో ఈ విషయమే వచ్చేది కాదు.

ఎంత అరుదంటే, హార్వర్డ్‌లో చర్మవైద్య ప్రొఫెసరు అయిన హెన్సిన్ త్సావ్, ఆయన సహచరులు 2003లో అమెరికా లెక్కలతో ఒక అంచనా వేశారు. ఇరవై ఏళ్ల యువకుడి ఒంటి మీది ఒక్కొక్క మచ్చా ఎనభై ఏళ్లు వచ్చేలోగా మెలనోమాగా మారే అవకాశం సుమారు 3,000లో ఒకటి, యువతికైతే 10,000లో ఒకటి కన్నా కొంచెం తక్కువ. అవి తెల్ల చర్మం ఎక్కువగా ఉన్న దేశపు లెక్కలు. మనకు ఇంకా తక్కువే. పైగా మెలనోమాల్లో సుమారు 70 శాతం పాత మచ్చలో కాక, ఏ మచ్చా లేని చర్మంలో కొత్తగా పుడతాయి. కాబట్టి ఉన్న మచ్చలన్నీ తీయించుకున్నా రక్షణ ఏమీ దొరకదు, నలభై గాట్లు మిగులుతాయి.

పార్లరు గురించి నా అభ్యంతరం మరొకటి. కాల్చేస్తే పరీక్షకు పంపడానికి ముక్క మిగలదు. వెయ్యిలో ఒకటి నిజంగా అనుమానించాల్సిన మచ్చ అయితే, పైభాగం పోయి అడుగు కణాలు మిగిలి, గాయం మానిన మచ్చ కింద దాక్కుంటాయి. సున్నం, సోడా చేసేదీ అదే, ఇంకాస్త మంటగా. నాయనమ్మ గారు పులిపిరులకు వాడి ఉంటారు. పులిపిరి వేరు, పుట్టుమచ్చ వేరు.

ప్రశ్న: తెల్లవాళ్లు నాలుగు రోజులు సముద్రపు ఒడ్డున పడుకుంటే చర్మ క్యాన్సర్ వస్తుందంటారు. మా నాన్న నలభై ఏళ్లు చొక్కా లేకుండా వేరుశనగ చేలో పనిచేశాడు, ఆయనకు ఒక్క మచ్చా రాలేదు. ఎండ కారణమన్న మాట నిజమేనా?
— ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: నిజమే, కానీ ఎండ ఎవరి చర్మం మీద పడిందన్నది అంతకన్నా ముఖ్యం. మెలనోసైట్ల సంఖ్య తెల్లవారికీ మనకూ ఒకటే. మన కణాల్లో తయారయ్యే మెలనిన్ పొట్లాలు పెద్దవి, ఎక్కువ కాలం నిలుస్తాయి. అవి చుట్టుపక్కల చర్మకణాల్లోకి చేరి, ప్రతి కణంలోనూ జన్యుపదార్థం మీద గొడుగు పట్టినట్టు పేరుకుంటాయి. ఆస్ట్రేలియాలో ఏటా లక్ష మందిలో ముప్ఫైకి పైగా మెలనోమా కేసులు వస్తుంటే మన దేశంలో లక్షకు ఒకటి కూడా లేకపోవడానికి ఆ గొడుగు పెద్ద కారణం. ఆ రంగు పుట్టుకతోనే లేని వారికి మన ఊళ్లలో కూడా చిన్న వయసులోనే ఇతర చర్మ క్యాన్సర్లు రావడం దీనికి రెండో వైపు సాక్ష్యం. అలాంటి పిల్లలున్న ఇంట నిండు చేతుల చొక్కా, టోపీ మందులతో సమానం.

మీరన్న 'నాలుగు రోజులు' అన్న మాటలో మాత్రం మీకు తెలియకుండానే ఒక నిజం ఉంది. హంటర్ షేన్ బృందం 2020లో ఆరుగురు దాతల మామూలు చర్మం నుంచి 133 మెలనోసైట్లను ఒక్కొక్కటిగా వేరుచేసి, వాటి జన్యువులను చదివింది. నిత్యం ఎండ తగిలే ముఖం మీది కణాల్లోకన్నా అప్పుడప్పుడు మాత్రమే ఎండ చూసే వీపు, కాళ్ల కణాల్లో ఎక్కువ మార్పులున్నాయి. రోజూ కొంచెం కొంచెం ఎండ కన్నా, ఎన్నాళ్లకో ఒకసారి చర్మం కమిలిపోయేలా తగిలే ఎండ ఎక్కువ చేటు చేస్తుందన్న పాత అనుమానానికి ఇది దగ్గరగా ఉంది. ఏ మచ్చా లేని చర్మంలో కూడా క్యాన్సర్ దారి పట్టించే మార్పులున్న కణాలు అక్కడక్కడా కనిపించాయి. కొత్తగా పుట్టే ఆ 70 శాతం మెలనోమాల మూలం బహుశా అవే.

ప్రశ్న: చేపల చెరువు మీద పనిచేసే మా నాన్నకు అరికాల్లో నల్లగా వస్తే ఆనెకాయ అనుకుని ఏడాది పాటు ప్లాస్టర్లు వేశాం. ఇప్పుడది అర్ధరూపాయి బిళ్లంత అయి, మధ్యలో పుండు పడింది. గజ్జల్లో బిళ్ల కట్టింది. మెలనోమా అన్నారు. ఎండే తగలని చోట ఇది ఎలా వచ్చింది? పాదంలో కొంత తీసేయాలంటున్నారు, అంత కోయాలా?
— ఒక పాఠకుడు, భీమవరం దగ్గరి గ్రామం

జవాబు: మీ ఉత్తరం ఈ నెల నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. మన దగ్గర మెలనోమా అరుదు, కానీ వస్తే ఎక్కువగా వచ్చేది అరికాలి మీదా, గోటి కిందా. అరికాల్లో మచ్చ ఉంటే కాలు నిలవదు, దేశాలు తిరుగుతారు అని సంబరపడే ఊళ్లలో, ఆ మచ్చను ఎవరూ వంగి చూడరు. జమైకా గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి బొటనవేలి గోటి కింద బయటపడిందీ ఈ రకమే. 1981లో, 36 ఏళ్లకే ఆయన మరణించాడు.

దీనికి ఎండతో పెద్ద సంబంధం లేదు. బాస్టియన్ బృందం 2005లో మెలనోమాలను పుట్టినచోటును బట్టి నాలుగు గుంపులు చేసి జన్యువులను పోల్చి చూసినప్పుడు, ఇవి పైకి ఒకే పేరున్న వేర్వేరు వ్యాధులని తేలింది. అప్పుడప్పుడు ఎండ తగిలే చర్మంలో బీరాఫ్ మార్పు ఎక్కువ. అరికాలు, అరచేయి, గోరు, నోటి లోపలి పొరల్లో పుట్టేవాటిలో అది తక్కువ. వాటిలో క్రోమోజోముల ముక్కలే తెగిపోవడం, కొన్ని జన్యువుల ప్రతులు లెక్కకు మించి పెరిగిపోవడం ఎక్కువ. కిట్ అనే జన్యువులో మార్పులు ఈ గుంపుల్లో తరచుగా ఉన్నాయని 2006లో గుర్తించారు. అంటే వీపు మీది మచ్చ గురించి నేను మొదట చెప్పిన మెట్లు మీ నాన్నగారి పాదానికి యథాతథంగా వర్తించవు. ఇక్కడి నిచ్చెన వేరు, దాని మీద జరిగిన పని కూడా తక్కువ. తెల్ల చర్మం మీద దశాబ్దాలుగా పోగైన జ్ఞానాన్ని మన పాదాలకు అలాగే తొడిగితే సరిపోదని నా గట్టి అభిప్రాయం.

అంత ఎందుకు కోయాలన్న మీ ప్రశ్నకూ ఇందులోనే జవాబుంది. అరికాలి మెలనోమా అంచు దాటి, సూక్ష్మదర్శినిలో కూడా మామూలుగానే కనిపించే చర్మంలో, క్యాన్సర్‌లో ఉన్న జన్యుమార్పులే ఉన్న మెలనోసైట్లు చెదురుమదురుగా ఉంటాయని బాస్టియన్ 2000లో చూపించారు. కంటికి కనిపించే నలుపు వరకే తీస్తే ఆ కణాలు మిగిలిపోయి అక్కడే మళ్లీ మొలుస్తుంది. ఎంత తీయాలన్నది ప్రధానంగా దాని మందాన్ని బట్టి నిర్ణయిస్తారు. అలెగ్జాండర్ బ్రెస్లో అనే పాథాలజిస్టు 1970లో కనిపెట్టిన ఈ మందం కొలత, అర్ధ శతాబ్దం దాటినా, రోగి భవిష్యత్తును చెప్పడంలో ముందు వరుసలోనే ఉంది. ఒక మిల్లీమీటరు లోపు ఉంటే మంచి కబురు, నాలుగు దాటితే ఆందోళన. పుండు పడితే అదే మందానికి ఒక మెట్టు ఎక్కువ ప్రమాదం. నివేదికలో ఆ అంకె ఎంతో అడగండి. గజ్జల్లోని బిళ్లను సూదితో పరీక్షించారా, కిట్, బీరాఫ్ మార్పుల కోసం చూశారా అన్నవి కూడా అడగండి. తర్వాత ఇవ్వగలిగే మందులు వాటి మీద ఆధారపడతాయి.

ఇది మొదట్లో ఎలా పట్టుకోవచ్చో మిగతా పాఠకుల కోసం చెబుతాను. జపాన్‌లోని షిన్షూ విశ్వవిద్యాలయంలో చర్మవైద్య ప్రొఫెసరుగా పనిచేసిన తోషియాకి సైదా, డెర్మోస్కోపు అనే లైటున్న భూతద్దంతో అరికాలి మచ్చలను ఏళ్ల తరబడి చూశారు. వేలిముద్రలో లాగే అరికాల్లోనూ గట్లూ, గట్ల మధ్య కాలువలూ ఉంటాయి. నష్టం లేని మచ్చలో నలుపు కాలువల వెంట నడుస్తుంది. మెలనోమాలో గట్ల మీద పేరుకుంటుంది. 2004లో ఆయనా సహచరులూ ప్రచురించిన లెక్కల ప్రకారం గట్ల మీది నలుపు అరికాలి మెలనోమాల్లో 86 శాతంలో కనిపించగా, మామూలు మచ్చల్లో 99 శాతానికి అది లేదు. భూతద్దం ఖరీదు పెద్దదేమీ కాదు, చూడడానికి పట్టేది నిమిషం. ఆనెకాయ అయితే పైన చెక్కితే లోపల పసుపుగా, గాజులా ఉంటుంది. నలుపు లోపల కూడా ఉంటే చెక్కడం ఆపి చూపించాలి. గోళ్ల మీద సన్నని నల్ల గీతలు రెండు మూడు వేళ్లకు ఉండడం మన రంగువారిలో మామూలే. ఒక్క గోటి గీత మాత్రమే వెడల్పవుతూ, నలుపు గోటి మొదలు దాటి చర్మం మీదికి పాకితే ఆగకూడదు.

ప్రశ్న: నాకు బొల్లి ఉంది. మచ్చల్లో రంగు లేదు కాబట్టి నాకు చర్మ క్యాన్సర్ త్వరగా వస్తుందని బంధువులు భయపెడుతున్నారు.
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వాళ్ల తర్కం వినడానికి సబబుగానే ఉంది, వాస్తవం మాత్రం దానికి ఎదురు. నెదర్లాండ్స్‌లో 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, బొల్లి ఉన్నవారిలో మెలనోమా వచ్చే అవకాశం లేనివారిలో కన్నా దాదాపు మూడో వంతే ఉంది. బొల్లిలో మన రోగనిరోధక కణాలే మెలనోసైట్లను వెతికి చంపుతాయి. దారితప్పిన మెలనోసైట్లు కూడా వాటి కంట పడే అవకాశం ఎక్కువ.

ఇదే సంగతి చికిత్సలోనూ కనిపిస్తుంది. నిరోధక కణాలకు వేసి ఉన్న బ్రేకులను విప్పే మందుల్లో మొదటిదైన ఇపిలిముమాబ్‌కు 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తాసుకు హోంజోలకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ మందులు తీసుకుంటున్న మెలనోమా రోగికి ఒంటి మీద బొల్లి మచ్చలు వస్తే, మందు పనిచేస్తోందని మేం లోలోపల సంతోషిస్తాం. బీరాఫ్‌ను నేరుగా అడ్డుకునే వెమురాఫెనిబ్ కూడా అదే ఏడాది వచ్చింది. దాంతో గడ్డలు వారాల్లో కరిగేవి, కానీ ఒక్క మందే ఇచ్చినప్పుడు చాలామందిలో ఏడాది తిరక్కుండా తిరగబెట్టేవి. బ్రేకులు విప్పే మందులు రెండు కలిపి ఇచ్చిన ఒక పెద్ద పరీక్షలో, ముదిరిన మెలనోమా రోగుల్లో 43 శాతం మంది పదేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారని 2024లో ప్రకటించారు. 2010కి ముందు ఈ వ్యాధి ముదిరాక నెలలు లెక్కపెట్టిన నాలాంటివారికి ఆ అంకెను ఒకటికి రెండుసార్లు చదవాల్సి వచ్చింది. అరికాలి రకంలో ఈ మందుల ఫలితం అంత బాగా లేదు. భీమవరం పాఠకుడు ఈ మాటను కూడా తన డాక్టరుతో మాట్లాడుకోవాలి.

మీరు మాత్రం ఎండకు కమిలిపోకుండా ఆ మచ్చలను కప్పుకోండి, చాలు.

ప్రశ్న: అరవై ఏళ్లుగా చీర కడుతున్నాను. లంగా బొందు కట్టే చోట నల్లగా కాయ కాచింది. దురద కూడా. ఇది మెలనోమానా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: చాలావరకు అది ఒరిపిడి వల్ల వచ్చిన నలుపే తల్లీ. ఎప్పటికీ మానని పుండు, గరుకుగా పైకి లేచే కండ అక్కడ మొలిస్తే చూపించాలి. దీర్ఘకాలపు ఒరిపిడిలో అరుదుగా పుట్టేది మెలనోమా కాదు, పొలుసుకణాల క్యాన్సర్. పంచె కట్టే చోట ఇలాంటివి వస్తున్నాయని బొంబాయి పాథాలజిస్టు ఖానోల్కర్ 1945లోనే రాశారు. బొందుకు బదులు వెడల్పు పట్టీ వాడండి, రోజుకో చోట కాస్త పైకీ కిందికీ జరిపి కట్టుకోండి.

ప్రశ్న: ముక్క తీసి పరీక్షకు పంపితే, కత్తి తగలగానే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుందని మా ఊళ్లో అందరూ అంటారు. మా అత్తగారు ఆ భయంతోనే పరీక్షకు ఒప్పుకోవడం లేదు.
— ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ఈ భయం ఎలా పుట్టిందో అర్థమవుతుంది. పరీక్షకు ముందు ఏడాది దాచుకుని, ముదిరాక ముక్క తీయించుకుంటారు. ఆరు నెలల్లో పాకుతుంది. నింద కత్తి మీద పడుతుంది. నిజానికి అప్పటికే కణాలు కదలడం నేర్చుకుని ఉంటాయి. మొదటి జవాబులో చెప్పినట్టు, ఆ నేర్పు జన్యువులు చెడడం వల్ల వస్తుంది గానీ గాటు వల్ల రాదు. ముక్క పరీక్ష మెలనోమా రోగుల ఆయుష్షు తగ్గించిందని చూపిన ఆధారం లేదు.

చిన్న మచ్చ అయితే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల అంచుతో మొత్తంగా తీసి పంపడం మేలు, అప్పుడే మందం సరిగ్గా కొలవగలరు. అరికాలి మీది పెద్ద మచ్చ అయితే, అన్నిటికన్నా మందంగా, నల్లగా ఉన్న చోట నుంచి ముక్క తీస్తారు. మీ అత్తగారిని ఒప్పించాక ఒక్క పని మరవకండి: నివేదిక కాగితంతో పాటు, ఆ ముక్కను మైనంలో పోసి ఉంచిన చిన్న దిమ్మెనూ గాజుపలకలనూ ల్యాబు వారి దగ్గర అడిగి తీసుకుని, ఎండ తగలని చోట భద్రంగా పెట్టండి. రెండో అభిప్రాయం కావాలన్నా, జన్యు పరీక్ష చేయించాలన్నా మళ్లీ కోయకుండా ఆ దిమ్మె నుంచే చేస్తారు.